వేడెక్కిన బండి, వేడెక్కిన మనిషి



వేసవి వచ్చిన ప్రతిసారీ వడదెబ్బ గురించి నాలుగు మాటలు వ్రాయడం నాకు అలవాటు. గొడుగు పట్టుకోండి, మజ్జిగ త్రాగండి, మిట్టమధ్యాహ్నం బయట తిరగకండి అని ఏటేటా చెప్పిన మాటలే చెబుతున్నానని నాకే అనిపిస్తుంటుంది. ఈసారి ఒక మోటారు సైకిలు మెకానిక్ షెడ్డులో కళ్లారా చూసిన సంగతి వ్రాస్తున్నాను. అందులో బండి జబ్బును కనిపెట్టినవాడు మెకానిక్. మనిషి జబ్బును కనిపెట్టడంలో నేను మాత్రం కొంత ఆలస్యం చేశాను. ఆ ఆలస్యం గురించి కూడా దాచకుండా చెబుతాను.

షెడ్డులో ఒక మధ్యాహ్నం

మూసాపేటలో మెట్రో స్తంభాల వెంట వెళ్లే పెద్ద రోడ్డు నుంచి లోపలికి తిరిగితే ఒక సందులో ఆ షెడ్డు ఉంది. రేకుల కప్పు, నేలంతా నల్లని ఆయిల్ మరకలు, ఒక మూల పంక్చర్లు చూసే నీళ్ల తొట్టి. నడిపే మనిషికి యాభై ఏళ్లు దాటి ఉంటాయి. అందరూ ఆయనను ‘భాయ్’ అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. నా పాత స్కూటరును పదేళ్లుగా ఆయనే చూస్తున్నాడు.

మే నెల మధ్య రోజులు. ఒంటిగంట దాటింది. నా స్కూటరుకు బ్రేకు తీగ మార్పించుకుంటూ స్టూలు మీద కూర్చున్నాను. కైతలాపూర్ వైపు నుంచి ఒక కుర్రవాడు బండిని తోసుకుంటూ వచ్చాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు ఉంటాయి. వీపున సరుకులు చేరవేసే పెద్ద సంచి, ఒంటి మీద మందపాటి పొడుగు చేతుల జాకెట్టు, తలకు హెల్మెట్టు. హైటెక్ సిటీ వైపు ఆఫీసులకు భోజనాలు చేరవేసే పని.

‘భాయ్, బండి ఊకె వేడైతుంది. నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది. ఇర్వై నిమిషాలు ఆపితే మళ్లా స్టార్టైతది’ అన్నాడు. అంటూనే సంచి ప్రక్కనున్న సీసా మూత తీసి ఇంజిను మీద నీళ్లు పోయబోయాడు.

భాయ్ అరిచినంత పని చేశాడు. ‘నీళ్లు పొయ్యకు బేటా! హెడ్డు పగుల్తది!’

ఆ అరుపుకు కారణముంది. బాగా కాలిన లోహం మీద చన్నీళ్లు పడితే పడినచోటు ఒక్కసారిగా ముడుచుకుంటుంది, ప్రక్క భాగం ఉబ్బే ఉంటుంది. ఆ ఈడ్పులాటలో లోహం వంకర తిరగవచ్చు, బీట వేయవచ్చు. కాలిన గాజు చిమ్నీ మీద నీటిబొట్టు పడితే ఏమయ్యేదో లాంతర్ల కాలం చూసిన వారికి చెప్పనక్కరలేదు. వేడెక్కిన బండికి మొదటి చికిత్స ఇంజిను ఆపి, నీడన నిలిపి, తనంతట తాను చల్లారే దాకా ఆగడమే.

కుర్రవాడు సీసా మూత బిగించి ప్రక్కన పెట్టాడు. ఆ నీళ్లు త్రాగలేదు. అది నేను చూశాను, కాని పట్టించుకోలేదు.

మెకానిక్ పరీక్ష

వైద్య విద్యార్థులకు మేము మొదట నేర్పేది రోగిని ముట్టుకునే ముందు అడగమని. ఎప్పటి నుంచి, ఎట్లా మొదలైంది, అంతకు ముందు ఏం జరిగింది? భాయ్ కూడా పానా తీయకముందు అవే అడిగాడు.

బండి కుర్రవాడి బాబాయిది. ఇతడు వనపర్తి వైపు పల్లె నుంచి వచ్చి పనిలో చేరి ఐదు రోజులే అయింది. వేడెక్కడం మొదలైంది కూడా అప్పటి నుంచే. ఇంకొక చోట చూపిస్తే కార్బొరేటరు విప్పి శుభ్రం చేసి డబ్బు తీసుకున్నారు, గుణం కనిపించలేదు. ‘అంతకు ముందు ఏం పని చేయించిండు మీ బాబాయి?’ అని అడిగితే, బండి చేతికిచ్చే ముందు వెనుక చక్రానికి కొత్త బ్రేక్ షూలు వేయించాడని చెప్పాడు.

భాయ్ తల ఊపాడు. బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, గేరు తీసి, వెనుక చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పాడు. మామూలుగా అయితే అది చాలా చుట్లు తిరగాలి. ఇది ఒక చుట్టయినా పూర్తి కాకుండా ఆగిపోయింది. చక్రం మధ్యనున్న డ్రమ్ము మీద వేలితో ఒక చుక్క నీరు వేస్తే సుయ్యిమంది. ‘చూసిండ్రా డాక్టర్ సాబ్, ఇంజిను ముందుకు లాగుతాంది, బ్రేకు వెనుకకు గుంజుతాంది. పాపం, అది ఏం చేస్తది?’

అక్కడితో ఆగలేదు. ఆయిల్ కొలిచే పుల్ల తీసి తుడిచి మళ్లీ ముంచి చూపించాడు. క్రింది గీతకు కూడా ఆయిల్ అందలేదు. ఉన్నది కూడా తారులా నల్లబడింది. ఇలాంటి చిన్న బండిలో పట్టేదే సుమారు ఒక లీటరు. దాని పని జారుడు కోసమే అని చాలామంది అనుకుంటారు. గాలితో చల్లబడే ఇంజినులో పిస్టను దగ్గరి వేడిని మోసుకొచ్చి బయటకు పంపేది కూడా ఆయిలే. అది సగమైతే ఆ మోత సగమవుతుంది. తరువాత సిలిండరు చుట్టూ ఉండే లోహపు రెక్కలు చూపించాడు. వాటి సందులన్నీ దుమ్ము, ఆయిల్ జిడ్డు కలిసిన మట్టితో పూడిపోయాయి. ఆ రెక్కలున్నది గాలి తగిలే వైశాల్యం పెంచడానికి. మట్టి పూడితే ఇంజినుకు దుప్పటి కప్పినట్లే. చివరకు ప్లగ్గు విప్పి చూశాడు. మేము నాలుక చూసినట్లు వారు ప్లగ్గు మొన చూస్తారు. లేత ఇటుక రంగులో ఉంటే ఆరోగ్యం, నల్లగా మసి పట్టితే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోతే లోపల మితిమీరిన వేడి. ఇది సున్నంలా తెల్లగా ఉంది.

నాకు ముచ్చట వేసింది. వేడి అనేది లక్షణం. రోగం దాని వెనుక ఉంటుంది. వేడి ఎక్కువగా పుడుతోందా, పుట్టిన వేడి బయటికి పోవడం లేదా అన్నవి రెండే ప్రశ్నలు. ఈ బండికి రెండూ ఉన్నాయి. పట్టిన బ్రేకు వలన పుట్టే వేడి పెరిగింది, ఆయిల్ తగ్గి రెక్కలు పూడడం వలన పోయే వేడి తగ్గింది. దానికి తోడు రద్దీలో అడుగడుగునా ఆగుతూ, సగం క్లచ్చు పట్టి నడపడం. బండి కదలకపోతే రెక్కలకు గాలి ఎక్కడిది?

ఆ ముచ్చటలో పడి నేను కుర్రవాడిని మరచిపోయాను.

నేను ఆలస్యంగా చూసినది

అతడు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మొదట తల నొప్పి అన్నాడు. పిక్కలు పట్టేస్తున్నాయన్నాడు. కాసేపటికి ఫోను చూస్తూ తనలో తాను ఏదో గొణుక్కున్నాడు. ఎండన పడి వచ్చాడు, సేద తీరుతున్నాడు అనుకున్నాను. పది నిమిషాల తరువాత అతడు హఠాత్తుగా లేచి, హెల్మెట్టు పెట్టుకుని, వెనుక చక్రం విప్పి ఉన్న బండి మీద ఎక్కి కిక్కు కొట్టబోయాడు.

‘బాబూ, నీ పేరేమిటి?’ అన్నాను. నా వైపు చూశాడు గాని చెప్పలేకపోయాడు. మూసాపేటలో ఉన్నామని తెలియడం లేదు. చేయి పట్టుకుంటే నిప్పులా కాలుతోంది. నాడి ఉరకలు వేస్తోంది.

ప్రక్క దుకాణం వారు ఇద్దరు ముగ్గురు గుమిగూడారు. ఒకరు పారాసెటమాల్ మాత్ర తెచ్చారు. ఇంకొకరు ‘చెమటలు పడుతున్నాయి కదండీ, వడదెబ్బ అయితే ఒళ్లు పొడిగా ఉండాలి’ అన్నారు. నేను జాకెట్టు, చొక్కా విప్పించి తొట్టిలోని నీళ్లు పోయమన్నాను. భాయ్ చెంబు పట్టుకుని ఆగిపోయాడు. ‘సాబ్, ఇంత కాలే ఒంటి మీద చన్నీళ్లా? ఏమన్న అయితే?’

ఆయన సందేహం సహజమే. పావుగంట క్రితం వేడి ఇంజిను మీద నీళ్లు పోయవద్దని అరచినవాడు ఆయనే. పైగా ఒళ్లు కాలుతున్నప్పుడు చన్నీళ్లు తగిలితే జన్ని వస్తుందని మన ఇళ్లలో తరతరాలుగా చెప్పుకున్నదే. ‘ఇది లోహం కాదు భాయ్, పగలదు. పొయ్యండి!’ అన్నాను.

పోశారు. ఒకరు అట్టముక్కతో విసిరారు. టేబులు ఫ్యాను తెచ్చి దగ్గరగా పెట్టారు. సందు మొగలోని చెరుకు రసం బండి నుంచి మంచు గడ్డలు తెప్పించి, గుడ్డలో చుట్టి మెడకు, చంకలకు, గజ్జలకు ఆనించాము. ఒకరు 108కి ఫోను చేశారు. నీళ్లు త్రాగించబోయిన వారిని నేను ఆపాను. తెలివి సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అంబులెన్సు వచ్చేసరికి కుర్రవాడు తన పేరు చెప్పాడు. ఆ పేరు విన్నప్పుడు నాకు కలిగిన ఊరట మాటల్లో చెప్పలేను.

నలభై ఏళ్ల నాటి దుప్పటి

ఆ ఊరటకు ఒక పాత కారణం ఉంది. 1980 దశకం తొలి సంవత్సరాలలో నేను ఒక మారుమూల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పని చేస్తున్నాను. ఒక మే నెల మధ్యాహ్నం బావి త్రవ్వే కూలీని ఎడ్లబండిలో తెచ్చారు. వయసు ముప్పై లోపే. 106 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి, సంధి మాటలు. ఆ ప్రాంతంలో మలేరియా ఎక్కువ. మెదడుకు ఎక్కిన మలేరియా అనుకున్నాను. క్వినైను ఎక్కించాను, జ్వరం తగ్గే సూది వేశాను, జిల్లా ఆసుపత్రికి పంపడానికి జీపు కోసం కబురు చేశాను. అతడి భార్య దుప్పటి కప్పి కూర్చుంది. ఆ దుప్పటి తీసేయమని నేను చెప్పలేదు. ఆవరణలో బావి ఉంది, చేద ఉంది, మనుషులున్నారు. జీపు రాకముందే ప్రొద్దు క్రుంకే వేళకు అతడు పోయాడు.

మలేరియాను అనుమానించడం తప్పు కాదు. ఎండలో బావి త్రవ్వుతూ పడిపోయాడన్న మాట వినికూడా నేను ‘అంతకు ముందు ఏం జరిగింది’ అని అడగకపోవడం తప్పు. మూసాపేటలో భాయ్ అడిగిన ప్రశ్న అదే.

జ్వరం వేరు, వడదెబ్బ వేరు

పెట్రోలు మండి ఇచ్చే శక్తిలో చక్రాన్ని తిప్పడానికి పనికి వచ్చేది దాదాపు నాలుగో వంతే. తక్కినదంతా వేడి. మండే క్షణాన లోపల ఉష్ణోగ్రత 2,000 డిగ్రీల సెల్సియస్‌ను దాటుతుంది. పిస్టను చేసే అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. అయినా కరగకుండా ఉందంటే క్షణక్షణం వేడి బయటికి పోతూ ఉండబట్టే. మన కండరాల లెక్క కూడా ఇంచుమించు అదే. తిన్న ఆహారపు శక్తిలో నాలుగో వంతుకు మించి పనిగా మారదు, మిగిలినది వేడి. ఊరకే కూర్చున్న మనిషి సుమారు 100 వాట్ల పాతకాలపు బల్బంత వేడి పుట్టిస్తాడు. బరువు పని చేస్తే అది నాలుగైదు రెట్లకు పైగా పెరుగుతుంది.

ఈ వేడిని బయటికి పంపడానికి మనకు రెక్కలు లేవు, చర్మం ఉంది, చెమట ఉంది. ఒక లీటరు చెమట ఆరిపోతే సుమారు 580 కిలో కేలరీల వేడి తీసుకుపోతుంది. ఆరిపోయిన చెమటే చల్లబరుస్తుంది, కారి నేల పాలైన చెమట వలన ప్రయోజనం లేదు. గాలి ఆడని మందపాటి జాకెట్టు లోపల చెమట ఆరదు. గాలిలో తేమ ఎక్కువైనా ఆరదు.

జ్వరంలో జరిగేది వేరు. శరీరంలో సూక్ష్మజీవులు ప్రవేశించినప్పుడు మెదడులోని హైపోథాలమస్ అనే భాగం తానే ఉష్ణోగ్రత మట్టాన్ని పైకి జరుపుతుంది. ఆ మట్టాన్ని మళ్లీ క్రిందికి జరపడానికి పారాసెటమాల్ పనికి వస్తుంది. వడదెబ్బలో మట్టం మామూలుగానే ఉంటుంది, వేడిని బయటికి పంపే ఏర్పాటు చేతులెత్తేస్తుంది. అక్కడ పారాసెటమాల్ పని చేయదు. పైగా వేడికి ముందే దెబ్బతిన్న కాలేయం మీద అదనపు భారం పడుతుంది.

లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్, అనగా 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి, దానితో పాటు తెలివి తప్పడం, తికమక మాటలు, మూర్ఛ వంటివి ఉంటే దానిని వడదెబ్బగా భావించాలి. చంకలో పెట్టిన థర్మామీటరు తక్కువ చూపవచ్చు. అంకె కోసం ఎదురు చూడకండి, ప్రవర్తన చూడండి. చెమట లేకపోవడం వృద్ధులలో తరచు కనిపించే మాట నిజమే. ఎండలో శ్రమ చేస్తూ పడిపోయిన యువకులలో మాత్రం ఒళ్లు తడిసి ముద్దయి ఉండగానే వడదెబ్బ తగులుతుంది.

2015 మే నెల వడగాలులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు మన రెండు తెలుగు రాష్ట్రాల వారే.

ఆ కుర్రవాడికి ఎందుకు తగిలింది

రెండు రోజుల తరువాత ఆసుపత్రిలో చూడబోయాను. మంచం ప్రక్కన తల్లి ఉంది. అప్పుడు అడిగాను, ముందే అడగవలసిన ప్రశ్నలన్నీ.

ముందురోజు నాలుగైదు విరేచనాలయ్యాయి. సెలవు పెడితే ఆ రోజు డబ్బు రాదని వచ్చాడు. ప్రొద్దున ఏమీ తినలేదు. దారిలో మూత్రానికి ఆగే చోటు దొరకదని నీళ్లు త్రాగడం మానుకున్నాడు. చివరకు ఎండలో బండిని దూరం నుంచి తోసుకొచ్చాడు. వీటన్నిటికన్న ముఖ్యమైనది, పనిలో చేరి ఐదు రోజులే కావడం. ఎండలో శ్రమకు శరీరం అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ లోగా చెమట త్వరగా పట్టడం, అందులో ఉప్పు తగ్గడం, రక్తప్రసరణ సర్దుకోవడం జరుగుతాయి. మొదటి రోజులలోనే పూర్తి పని నెత్తిన వేసుకున్నవారికి ముప్పు ఎక్కువ. పల్లెలో పెరిగినవాడికి ఎండ కొత్తా అని తల్లి అడిగింది. ఎండ కొత్త కాదమ్మా, ఆ ఎండలో జాకెట్టు వేసుకుని రోజంతా తారు రోడ్డు మీద ఉండడం కొత్త అని చెప్పాను.

మూత్రపిండాలు, కాలేయం పరీక్షలు చేశారు. కొంత తేడా కనిపించి నాలుగైదు రోజులలో సర్దుకుంది. వడదెబ్బలో మనిషి లేచి కూర్చున్నా ఆసుపత్రికి వెళ్లవలసిన కారణం ఇదే. లోపలి అవయవాల దెబ్బ మరునాడు గాని బయటపడదు.

గుర్తుంచుకోవలసినవి

బండి వేడెక్కితే: వెంటనే ఆపి నీడన పెట్టండి. నీళ్లు పోయకండి. చల్లారిన తరువాత ఆయిల్ మట్టం చూడండి, సిలిండరు రెక్కల మట్టి కడిగించండి, సెంటర్ స్టాండు మీద వెనుక చక్రం సులువుగా తిరుగుతోందో లేదో చూడండి. మండే వాసన వస్తున్నా అలాగే నడిపితే పిస్టను పట్టేస్తుంది.

మనిషి వేడెక్కితే: ఆగి చూడకండి. 108కి ఫోను చేయించండి, అంబులెన్సు వచ్చే లోగా చల్లబరచడం మొదలుపెట్టండి. నీడకు చేర్చి బట్టలు వదులు చేయండి లేదా తీసివేయండి. దొరికిన నీళ్లు ఒళ్లంతా పోస్తూ విసరండి. ఆరోగ్యంగా ఉన్న యువకుడు శ్రమ చేస్తూ పడిపోతే చన్నీటి తొట్టిలో మెడ వరకు కూర్చోబెట్టి, తల పైన ఉండేలా పట్టుకోవడం అన్నిటికన్న త్వరగా పని చేస్తుంది. మొదటి అరగంటలో వేడిని 39 డిగ్రీలకు దించగలిగితే ప్రాణాలు దక్కే అవకాశం ఎంతో మెరుగవుతుంది. తెలివి లేనివారికి నోటి ద్వారా ఏమీ ఇవ్వకండి.

అంతవరకు రాకుండా: దాహం కోసం ఆగకుండా పని మధ్యలో మాటిమాటికి కొద్దికొద్దిగా త్రాగండి. విరేచనాలయిన మరునాడు ఎండ పనికి వెళ్లకండి. ఓఆర్ఎస్ పొట్లం లేకపోతే లీటరు త్రాగునీటిలో సమంగా కొలిచిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకోండి. కొత్తగా చేరినవారికి మొదటి వారం సగం పని ఇవ్వండని యజమానులను కోరుతున్నాను. మీ గుమ్మం ముందు సరుకు తెచ్చిన పిల్లవాడు నిలబడితే ఒక గ్లాసు నీళ్లు అడిగి ఇవ్వండి. మరుగుదొడ్డి కావాలా అని కూడా అడగండి. నీళ్లు త్రాగకపోవడానికి సగం కారణం అదే.

బండి సంగతి చెప్పడం మరచాను. బ్రేకు సరిచేసి, ఆయిల్ మార్చి, రెక్కలు కడిగి భాయ్ దానిని షెడ్డులోనే భద్రంగా ఉంచాడు. కుర్రవాడు పదిహేను రోజుల తరువాత తల్లితో కలిసి వచ్చి తీసుకున్నాడు. భాయ్ ఆయిల్ డబ్బులు మాత్రమే పుచ్చుకున్నాడు. ఇప్పుడు ఆయన షెడ్డు ముందు నీడన ఒక కుండ, మూత మీద ఒక గ్లాసు ఉంటాయి. బండి తెచ్చిన ప్రతివాడినీ ‘ముందు నీళ్లు తాగు బేటా, తర్వాత బండి చూస్త’ అంటున్నాడు.